శాస్త్రవేత్తను వ్యోమగామిని చేస్తే పరిశోధనకు లాభమా, నష్టమా?

కక్ష్యవాసి: 2009లో నాసా ఎంపిక చేసేనాటికి కేట్ రూబిన్స్ అమెరికాలోని వైట్‌హెడ్ ఇన్‌స్టిట్యూట్‌ అనే పరిశోధన సంస్థలో 14 మంది పరిశోధకులను నడిపిస్తూ మశూచి జాతి వైరస్‌ల మీద పనిచేస్తున్నారు. రోదసికి వెళ్లింది 2016 జులైలో. ఏడేళ్లు శిక్షణకూ ఎదురుచూపులకూ పోయాయి. ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్‌)లో తొలి డీఎన్‌ఏ సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏ అక్షరాల వరుసను చదవడం, చేశారు, నిజమే. కానీ ఎలుక, ఈ-కోలై బాక్టీరియా, లాంబ్డా వైరస్‌ల డీఎన్‌ఏ నమూనాలు కిందే సిద్ధమై గడ్డకట్టించి వెళ్లాయి. వాటిని కరిగించి మినయాన్ అనే చిన్న సీక్వెన్సింగ్ యంత్రంలో ఎక్కించడానికి వైరాలజిస్టే కావాలా?

పిపెట్‌రావు: ప్రయోగం చెడేది ఆ ఎక్కించే దగ్గరేనండీ. ఆ యంత్రంలో నమూనా వేసే ఫ్లో సెల్ అనే పలక ఉంటుంది, దాని పొరలో డీఎన్‌ఏ దూరే నానోరంధ్రాలుంటాయి. గాలి బుడగ వాటి మీదుగా పోతే ఇక పనికిరావు. అందుకే నమూనా వేసేముందు ప్రైమింగ్ పోర్టు అనే రంధ్రం నుంచి పిపెట్‌తో 20-30 మైక్రోలీటర్ల ద్రవం వెనక్కి లాగి బుడగ తీసేస్తారు. ఇక్కడైతే ట్యూబును వేలితో తడితే బుడగ పైకొస్తుంది. అక్కడ ఎంత తట్టినా పైకి రాదు, ద్రవం మధ్యలోనే తిష్ఠ వేస్తుంది. పిపెట్ ఎక్కడ ఆపాలో చేతికి తెలిసుండాలి.

కక్ష్యవాసి: చేతికి నేర్పొచ్చుగా! బడిలో పాఠాలు చెప్పిన రికీ ఆర్నాల్డ్ 2018లో ఐఎస్‌ఎస్‌లోనే స్వాబ్‌తో సూక్ష్మజీవుల నమూనా తీసి సీక్వెన్సింగ్ దాకా చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల, ఆవిడ ఇంజినీరు, 2021లో వర్జిన్ గెలాక్టిక్ రాకెట్ విమానంలో వెళ్లి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పంపిన మొక్కల ట్యూబులకు పిస్టన్ నొక్కి, మొక్కను ఆ క్షణంలో ఉన్నట్టే నిలిపేసే ఫిక్సేటివ్ ద్రవం వదిలారు. ప్రయాణంలో మూడు దశల్లో ఒక్కోటి. ఆ ఫలితాలు చదివేది కింద ఉన్నవాళ్లే.

అగార్‌ప్లేట్: పిస్టన్ నొక్కడం వేరు, కణాలు పెంచడం వేరు. 2016లోనే రూబిన్స్ మూలకణాల నుంచి తయారైన గుండె కణాలకు పోషక ద్రవం (మీడియం) మారుస్తూ, కొట్టుకుంటున్నాయో లేదో మైక్రోస్కోపులో చూస్తూ వచ్చారు. కణాలు నీరసిస్తే వీడియో చూసి కిందివాళ్లు పసిగట్టేసరికి ఆలస్యం కావచ్చు. ఆర్నాల్డ్ చేసింది అప్పటికే చక్కబడ్డ పద్ధతి. 2017లో బయోకెమిస్ట్ పెగ్గీ విట్సన్ ఐఎస్‌ఎస్‌లో చేతులు దూర్చి పనిచేసే మూసిన గ్లోవ్‌బాక్సులో బాక్టీరియా కాలనీలను, డీఎన్‌ఏ ప్రతులు పెంచే పీసీఆర్ ట్యూబులకు మార్చి, ఆపైన సీక్వెన్సింగ్ చేశారు. అప్పుడే నాసా కేంద్రం ఉన్న హ్యూస్టన్‌ను హార్వే తుఫాను ముంచెత్తింది, కిందున్న నాసా మైక్రోబయాలజిస్ట్ సారా వాలెస్ ఫోన్లో సూచనలిచ్చారు. మొదటిసారి చేసేవాళ్లకు విషయం తెలిసుంటేనే అలాంటి రోజు గట్టెక్కుతుంది.

కక్ష్యవాసి: అయితే స్పేస్ షటిల్ కాలంలోలా పేలోడ్ స్పెషలిస్టుల్ని, అంటే ఒక్క ప్రయాణం కోసం ఎంచుకున్న శాస్త్రవేత్తల్ని, పంపాలి. 1998లో నాడీ వ్యవస్థ పరిశోధనకు వెళ్లిన న్యూరోల్యాబ్ యాత్రలో జే బకీ, జేమ్స్ పావెల్‌జిక్ అలాగే వెళ్లొచ్చారు, దాదాపు 16 రోజులు. కెరీర్ అంతా నాసాకు రాసివ్వక్కర్లేదు.

అగార్‌ప్లేట్: 16 రోజుల ప్రయోగానికి సరే. నెలపైగా పెరగాల్సిన గుండె కణాలను మధ్యలో ఎవరికి అప్పజెప్పి దిగుతారు?