పీసుల టార్గెట్ పెట్టాక రిజెక్షన్ పెరిగింది. టార్గెట్లు తీసేయమంటారా?

ఆటోనగర్ లేత్‌వాలా:
అందరికీ నమస్కారం. గాజువాక ఆటోనగర్‌లో చిన్న మెషిన్ షాపు నాది. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు మూడు, రెండు పాత లేత్‌లు, అకౌంట్స్ చూసే మా ఆవిడతో కలిపి పద్నాలుగు మందిమి. పంపుల కంపెనీలకి బేరింగ్ హౌసింగులు చేసి ఇస్తాం.

ఏప్రిల్‌లో గోడకి ఓ వైట్‌బోర్డు తగిలించాను. షిఫ్టుకి ఎన్ని పీసులు తీశారో రాయాలి, 60 దాటితే పీసుకి ఇంత అని పైన డబ్బులు. మొదటి నెల బోర్డు చూస్తే పండగే. ఎన్నడూ 60 దాటని కుర్రాళ్లు 75 తీశారు. జూన్‌లో ఓ లాట్ మొత్తం వెనక్కొచ్చేసింది. బేరింగ్ కూర్చునే రంధ్రం, అదే బోరు, 62 ఎంఎం ఉండాలి. పైకి 30 మైక్రాన్ల దాకా పర్వాలేదు గానీ కిందకి ఒక్క మైక్రాన్ కూడా తగ్గకూడదు. 200లో 38 తగ్గాయి. బేరింగ్ ఎక్కట్లేదని ఫోను. రాను పోను లారీ కిరాయి నాదే, మళ్లీ బోరింగ్ చేసిన కూలీ నాదే.

అసలు బాధ అది కాదు. షాపు ఊడుస్తుంటే పాత లేత్ వెనక గోనెసంచిలో 22 పీసులు దొరికాయి. బోరు పెద్దదైపోయి ఇక దేనికీ పనికిరానివి. ఎవరు దాచారో అడగలేదు. అడిగితే చెప్తారా?

వీడియోల్లో ప్రతివాడూ 'రిజల్ట్ మర్చిపో, ప్రాసెస్ పట్టుకో' అంటున్నాడు. మర్చిపోతే శనివారం బట్వాడా ఎలా ఇవ్వాలి? నిజంగా అలా నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
అన్నా, గోనెసంచి దగ్గర నవ్వొచ్చేసింది. మాది కాల్ సెంటర్. మా గోనెసంచి వేరేలా ఉండేది. కాల్ సగటున ఆరు నిమిషాల్లో అయిపోవాలని రూలు. అయిదూ నలభై అయ్యేసరికి నాతో సహా అందరికీ ఒకే జబ్బు: "సార్, మీ వాయిస్ వినిపించట్లేదు సార్... హలో... హలో..." కట్. ఆ కస్టమర్ పది నిమిషాల్లో మళ్లీ చేస్తాడు, ఇంకొకరి నెత్తిన పడతాడు. సగటు మాత్రం బ్రహ్మాండం, మా టీమ్‌కి కేకు కూడా కోశారు.

తర్వాత వచ్చిన మేనేజర్ గారు ఆ సగటు చూపించే స్క్రీను తీయించేశారు. వారానికి ఒక్కొక్కరివి రెండేసి కాల్స్ మా పక్కనే కూర్చుని వినేవారు. మార్కులు వేయడానికి కాదు, ఎక్కడ ఆగిపోతున్నామో చూడ్డానికి. నెల తిరక్కుండానే బయటపడింది: సగం కాల్స్ పాస్‌వర్డ్ మార్చుకునే లింకు పనిచేయకే వస్తున్నాయి. లింకు బాగుచేశారు, కాల్స్ తగ్గాయి. మేం ఎంత వేగంగా మాట్లాడినా అది తగ్గేది కాదు.

1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ద్రవ్య విధానం గురించి రాస్తూ ఇదే అన్నాడు. అదుపు చేయడానికని ఒక లెక్క మీద ఒత్తిడి పెడితే, ఆ లెక్క ఇక నమ్మదగ్గది కాకుండా పోతుందని. ఆయన బ్యాంకుల గురించి అన్నాడు, అది మా హెడ్‌సెట్ల దాకా వచ్చింది.

ఈఎంఐ బాధితుడు:
అందరూ బాగానే చెప్తారు గానీ, మెషిన్ లోను ఇచ్చిన బ్యాంకు మీ ప్రాసెస్ చూడదు. ఐదో తారీఖు అకౌంట్లో డబ్బులున్నాయా లేదా, అంతే. గీతలో 'కర్మణ్యేవాధికారస్తే' అని ఉందని జీఎస్టీ కట్టకుండా ఉంటామా? నేనూ ఇలాగే ఓ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చి టార్గెట్లు తీసేశాను. రెండు నెలల్లో షాపు టీ కొట్టు అయిపోయింది. లేత్‌వాలా గారూ, బోర్డు తీయకండి. రిజెక్టు అయితే జీతంలో కోయండి, దానంతటదే దారికొస్తుంది.

ఉక్కునగరం తాతయ్య:
కోస్తే 22 పీసుల చోట 50 దాస్తారు బాబూ. గోనెసంచి పెద్దదవుతుంది, అంతే.

నేను ఉక్కు ఫ్యాక్టరీలో, బొగ్గుని కోక్ అనే ఇంధనంగా మార్చే కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరయ్యాను. వేరే రాష్ట్రంలో ఒక ప్లాంటుకి కొన్నాళ్లు పంపించారు, అక్కడి సంగతి చెప్తాను. ఓవెన్‌లో బొగ్గు పోశాక అది కోక్ అవడానికి దాని టైము దానికి కావాలి, పదహారు పద్దెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అక్కడ రోజూ సాయంత్రం పైనుంచి ఒకటే ఫోను: ఇవాళ ఎన్ని ఓవెన్లు పుష్ చేశారు? నంబరు తగ్గితే తిట్లు. దాంతో షిఫ్టు అయిపోయే ముందు ఉడకని ఓవెన్లు రెండు మూడు తోసేసేవారు. తలుపు తీయగానే దట్టమైన పొగ, ఆ ఉడకని కోక్ వాసన ఇప్పటికీ గుర్తే. సరిగా కుంచించుకోని కోక్ గోడల మధ్య బిగుసుకుని, తోసే ర్యామ్‌కి కదలదు. అలా బలవంతంగా తోస్తే ఇటుకలు లేస్తాయి. ఆ రోజు చార్టులో రెండు ఎక్కువ, మర్నాడు ఒక ఓవెన్ రిపేరు. ఆ రిపేరు మర్నాటి షిఫ్టువాళ్ల ఖాతాలో పడేది. తోసినవాడికి శభాష్, దొరికినవాడికి మెమో.

ట్రైనింగ్‌లో మాచేత ఎర్రపూసల ఆట ఆడించారు. అమెరికా ఆయన డెమింగ్ తన క్లాసుల్లో ఆడించిన ఆట. 1950లో జపాన్ వెళ్లి అక్కడి ఇంజనీర్లకి క్వాలిటీ పాఠాలు చెప్పినాయనే. మరుసటి ఏడాది నుంచి ఆయన పేరు మీద అక్కడ బహుమతి కూడా ఇస్తున్నారు. ఓ పెట్టెలో 3200 తెల్లపూసలు, 800 ఎర్రపూసలు. 50 గుంటలున్న చెక్క తెడ్డు ముంచి పైకి తీయాలి. ఎర్రపూస వస్తే డిఫెక్టు. నాకు ఆరు వచ్చాయి, చప్పట్లు కొట్టారు. రెండోసారి పదమూడు, అందరి ముందూ చీవాట్లు. మూడోసారికి నేను నిజంగానే తెడ్డుని కాస్త ఏటవాలుగా పెట్టి, ఊపిరి బిగబట్టి ముంచాను. యాభై ఏళ్లవాణ్ణి! పదకొండు. పెట్టెలో అయిదో వంతు ఎర్రవే పోసి పెట్టాక నేనెలా ముంచితే ఏంటి? ఆ పెట్టె నింపింది నేను కాదుగా.

లేత్‌వాలా బాబూ, ఆ 38 ఎవడు చేశాడన్నది వదిలెయ్. బోరు టైటు ఎందుకైంది? అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లు. జవాబు వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఎందుకు అని అడుగు.

ఆటోనగర్ లేత్‌వాలా:
తాతగారూ, ఇవాళ కూర్చుని అడిగాను. బోరు టైటు ఎందుకంటే ఇన్సర్ట్, అదే లోహాన్ని కోసే ముక్క, అరిగిపోయింది. అరిగితే లోపల తక్కువ కోస్తుంది, బోరు చిన్నదవుతుంది. ఎందుకు మార్చలేదంటే కుర్రాళ్లు తలలు దించుకుని నిలబడ్డారు. బద్ధకం అనుకుంటున్నాను. గోనెసంచిలోవి మాత్రం భయంతో పాడైనవి. టైటు వస్తోందని తెలిసి మెషిన్‌లో కొలత సవరణ (ఆఫ్‌సెట్) ఎక్కువ ఇచ్చేస్తే అటు పెద్దవైపోయాయి.

థియేటర్ సిస్టర్:
అన్నయ్య గారూ, అందరూ ప్రాసెస్ అని తెగ పొగుడుతున్నారు. అదీ పాడవుతుందండీ, నేను చూశాను. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేస్తాను. హాస్పిటల్ పేరు వద్దు.

డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు 2008లో సర్జరీకి ఒక చెక్‌లిస్టు ఇచ్చారు. మొత్తం 19 అంశాలు, మూడు చోట్ల ఆగాలి: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంటు థియేటర్ దాటే ముందు. మాకూ వచ్చింది. ఆడిట్‌లో నూటికి నూరు శాతం ఫారాలు నిండి ఉండాలన్నారు. నిండాయి! పొద్దున్న డ్యూటీకి రాగానే రోజంతా చేయబోయే కేసులన్నిటికీ వరసపెట్టి టిక్కులు కొట్టేసేవాళ్లం. పేషెంటు ఇంకా వార్డులో ఇడ్లీ వద్దంటే ఏడుస్తుంటాడు, ఇక్కడ మాత్రం కేసు 'సురక్షితంగా ముగిసింది'.

మారింది ఎప్పుడంటే, కొత్తగా వచ్చిన మత్తు డాక్టరమ్మ ఫారం నా చేతికిచ్చి పైకి చదవమన్నారు. నేను చదవాలి, అందరూ చేతులు ఆపి జవాబు చెప్పాలి. పెద్ద సర్జన్‌కి చిరాకు. రెండో వారం అనుకుంటా, పొట్ట మూసే ముందు మాపుల (రక్తం అద్దే గుడ్డల) లెక్క ఒకటి తగ్గింది. పదిహేను ఇచ్చాం, పద్నాలుగే. "మళ్లీ లెక్కపెట్టమ్మా, తర్వాతి కేసు ఉంది" అన్నారు. మళ్లీ పద్నాలుగే. నాకు చెమటలు. డాక్టరమ్మ మూయనివ్వలేదు. బకెట్లోవి ఒక్కోటి విడదీసి నేల మీద పరిచాం. రెండు మాపులు రక్తానికి అతుక్కుపోయి ఒకటిలా ఉన్నాయి. పేషెంటు లోపల ఏమీ లేదు. రిజల్ట్ మాత్రమే చూస్తే ఆరోజు మేం పదకొండు నిమిషాలు వేస్టు చేసినట్టే. కానీ ఆ తర్వాత పొద్దున్నే టిక్కులు కొట్టడం ఆగిపోయింది. ఎవరూ ఆర్డరేం వేయలేదు.

కైలాసగిరి కుర్రాడు:
మన ఊరి ఉదాహరణ మర్చిపోతే ఎలా? 2005 ఏప్రిల్ 5, మధురవాడ స్టేడియం, పాకిస్తాన్ మీద ధోనీ 148. అంతకుముందు అతని వన్డే స్కోర్లు 0, 12, 7, 3. నాలుగు ఇన్నింగ్స్ రిజల్టు చూసి ఇంటికి పంపేసుంటే? ఆట చూసి గంగూలీ మూడో నంబర్‌లో దింపాడు.

ఈఎంఐ బాధితుడు:
సరే బాబూ, లేత్ మీద నిలబడే కుర్రాడికీ హెలికాప్టర్ షాట్ నేర్పించండి.

బోటు ఓనరు, ఫిషింగ్ హార్బర్:
మాకు రిజల్ట్ సముద్రంలో ఉంటుంది. దాన్ని టార్గెట్ పెట్టి పిలిస్తే వస్తుందా? వలలో ఏం పడుతుందో గంగమ్మకే తెలియాలి. అయినా నేను రోజూ బోటు డ్రైవర్‌కి ఫోను చేసి ఎంత పడింది, ఎంత పడింది అని ప్రాణం తీసేవాణ్ణి. ఓసారి నా గోలకి భయపడి ఇంకో మూడు రోజులు అక్కడే ఉండిపోయాడు. సరుకు బాగానే తెచ్చాడు, ఐస్ మాత్రం ఒడిసిపోయింది. చేప మెత్తబడింది. వేలంలో సగం రేటు కూడా పలకలేదు. ఎక్కువ తెచ్చి తక్కువ సంపాదించిన ట్రిప్పు అదొక్కటే.

ఇప్పుడు ఫోన్లో మూడే అడుగుతాను. ఐస్ ఎంత ఉంది, డీజిల్ ఎంత ఉంది, ఏ రోజు చేప ఏ గదిలో పెట్టావు. చేప బరువుకి సమానంగా ఐస్ పడిందంటే రేటు దానంతటదే వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఆ రోజుల్లో రూపాయి రాబడి ఉండదు. మా ఏడాదంతా నడిచేది మాత్రం అప్పుడు చేసిన పని మీదే: ఇంజిన్ విప్పడం, చెక్కలకి రంగు, వలలు అల్లుకోవడం. అది తప్పించినవాడి బోటు ఆగస్టులో నడిసముద్రంలో ఆగుతుంది.

ఈఎంఐ బాధితుడు:
బోటు బాబాయ్ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ వేలంలో రేటు తగ్గిందని తెలియబట్టే కదా ఐస్ సంగతి పట్టుకున్నావు? రిజల్ట్ చూడొద్దంటే అదెలా తెలుస్తుంది?

ఉక్కునగరం తాతయ్య:
చూడాలి. నెలకోసారి నువ్వు చూడు, మీ ఆవిడతో కూర్చుని చూడు. షిఫ్టులో నిలబడ్డవాడి నెత్తిన గంటగంటకీ వేలాడదీయకు. వాడి చేతిలో ఉన్నది వాణ్ణి చూసుకోనివ్వు. మీ టీ కొట్టు సంగతి కూడా నాకు అర్థమైంది, టార్గెట్లు తీశావు గానీ వాటి స్థానంలో ఏమీ పెట్టలేదు. అది ప్రాసెస్ కాదు, సెలవు.

ఆటోనగర్ లేత్‌వాలా:
పది రోజుల తర్వాత వస్తున్నాను. ఈ కబురు రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

ఇన్సర్ట్ ఎందుకు మార్చలేదు అన్న దగ్గర ఆగాం కదా. మా సీనియర్ ఆపరేటర్‌ని బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించి మళ్లీ అడిగాను. "ఇన్సర్ట్లు మీ బీరువాలో ఉంటాయి కదన్నా" అన్నాడు. తాళం నా దగ్గరే. పోయినేడు ఇన్సర్ట్ల బిల్లు ఎక్కువైందని నేనే లోపల పెట్టి తాళం వేశాను. కొత్తది కావాలంటే పాతది చూపించి నా చేత తిట్లు తిని తీసుకోవాలి. రాత్రి షిఫ్టులో నేను ఇంట్లో నిద్రపోతుంటాను. 38లో 31 రాత్రి షిఫ్టువే, రిజిస్టరు చూస్తే తేలింది. మూడు నాలుగు వందల ఇన్సర్ట్ దాచుకుని లారీ కిరాయి కట్టాను. తాతగారి పెట్టెలో ఎర్రపూసలు పోసింది నేనే.

తాళం తీసేశాను. డబ్బా మెషిన్ పక్కనే పెట్టి, 80 పీసులకి ఒకసారి అడక్కుండా మార్చేయమన్నాను. ఇన్సెంటివ్ తీసేసి అందరికీ సమానంగా కొంత జీతంలో కలిపాను. బోర్డు ఉంచాను గానీ పీసుల లెక్క బదులు మొదటి పీసు, తర్వాత ప్రతి పదో పీసు బోరు రీడింగ్ రాయాలి. పీసులు 75 నుంచి 64కి దిగాయి. ఇన్సర్ట్ల బిల్లు చూసి మా ఆవిడ నన్ను చూసింది. వెనక్కొచ్చినవి ఇప్పటిదాకా మూడు.

ఒక్కటే అనుమానం. నిన్న రాత్రి బోర్డు మీద అన్ని రీడింగులూ 62.015 అనే ఉన్నాయి. ఒకే పెన్నుతో, ఒకే రాతలో.

థియేటర్ సిస్టర్:
పొద్దున్నే టిక్కులు :)

ఉక్కునగరం తాతయ్య:
తిట్టకు. బోరు కొలిచే గేజి ఎక్కడుంటుంది?

ఆటోనగర్ లేత్‌వాలా:
ఒకటే ఉంది తాతగారూ. మూడు మెషిన్లకీ అదే. ఒకరు వాడుతుంటే ఇంకొకరు... అర్థమైంది. ఇంకో రెండు ఆర్డర్ పెడుతున్నాను.

ఈఎంఐ బాధితుడు:
ఈఎంఐలోనా?