అప్‌డేట్: ఒలింపియా బూడిద బలిపీఠం వానకి ఎందుకు కరగలేదంటే

మొన్న నేనడిగింది: ప్రాచీన గ్రీసు పుణ్యక్షేత్రం ఒలింపియాలో దేవతల రాజు జ్యూస్ బలిపీఠం ఉత్త బూడిదే అయితే వానకి కొట్టుకుపోదా అని. జవాబు దొరికింది. అది పోసిన కుప్ప కాదు, మెత్తిన దిబ్బ. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ లెక్కలో ఎత్తు 22 అడుగులు. చుట్టుకొలత కింది అరుగుకి 125, పైదానికి 32. పశువుని కిందే కోసి, తొడలు మాత్రం పైకి మోసుకెళ్లి తెల్ల పోప్లార్ కట్టెలతో కాల్చేవారు. ఏటా అక్కడి పంచాంగంలోని ఎలాఫియోస్ నెల 19న జోస్యులు ప్రిటానియన్ (అక్కడి అధికారుల భవనం) పొయ్యిలోని బూడిద తెచ్చి, ఆల్ఫియస్ నది నీళ్లతో కలిపి, అరుగు అలికినట్టు పూసేవారు. వేరే నీళ్లు పనికిరావట! కట్టెల బూడిదలో కొంత సున్నం ఉంటుంది, తడిపి మెత్తితే కాస్త బిగుస్తుంది. నది మహిమ కన్నా అదే అసలు సంగతని నా అనుమానం.