ఐఆర్ పెట్టినా గిటార్ దుప్పటి కప్పినట్టే రికార్డవుతోంది, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

బ్రాడీపేట_తీగలు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. మా చర్చి యూత్ తరఫున క్రిస్మస్‌కి నాలుగు పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తున్నాం. గొంతులు, కీబోర్డు, తబలా అన్నీ బాగానే వచ్చాయి. నా ఎలక్ట్రిక్ గిటార్ దగ్గరే వారం నుంచి బండి కదలడం లేదు.

విడిగా వింటే ఫరవాలేదనిపిస్తుంది, పాటలో కలిపితే మాత్రం ఎవరో స్పీకర్ మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది, కార్డ్ వాయిస్తే ఏ తీగ మోగుతోందో కూడా తెలియదు. సరే అని ఈక్యూలో ట్రెబుల్ పెంచితే చెవి పక్కన దోమ తిరిగినట్టు జుయ్‌మనే శబ్దం పెరుగుతోంది తప్ప స్పష్టత రావడం లేదు.

నా దగ్గర ఉన్నవి: హంబకర్ పికప్పుల గిటార్, మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్‌లో రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. డిస్టార్షన్, అదే గిటార్‌ని గరగరలాడించే ఎఫెక్ట్, అంతా ప్రాసెసర్‌లోనే. క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించేది, క్యాబ్ అంటారు) లేకుండా డిస్టార్షన్ రికార్డు చేస్తే చెవులు కోస్తుందని అందరూ చెబుతారు కదా, అందుకని రీపర్‌లో ఉచితంగా దొరికే నాడిర్ ప్లగిన్ పెట్టి వింటేజ్ 30 స్పీకర్ ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్, ఆ స్పీకర్ శబ్దపు తీరుని పట్టి ఉంచిన ఫైల్) వేశాను. ఇప్పటికి ముప్పై ఐఆర్‌లు మార్చి ఉంటాను, అన్నీ మూసుకుపోయినట్టే ఉన్నాయి. డబ్బులు పెట్టి మంచి ఐఆర్ ప్యాక్ కొనాలా? ఇంట్లో ఆంప్ గట్టిగా పెట్టి మైకుతో రికార్డు చేసే వీలు లేదు, గోడకి అవతల పదో తరగతి చదివే పిల్లాడున్నాడు.

పటమట_రికార్డింగ్:

కొనకండి బ్రదర్, ఆగండి. ముందు ప్రాసెసర్‌లో మీరు వాడే ప్యాచ్, అంటే సేవ్ చేసి ఉన్న టోన్ సెట్టింగు, తెరిచి అందులో వరసగా ఉండే ఎఫెక్టుల బ్లాకులన్నీ చివరిదాకా చూడండి. అక్కడ క్యాబ్ అని ఒకటి ఆన్‌లో ఉందా? ఫ్యాక్టరీ ప్యాచుల్లో సాధారణంగా ఉంటుంది, ఎందుకంటే కొన్నవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించగానే బాగుండాలి కదా. కొన్నిటిలో అది విడిగా కనపడదు, ఆంప్ బ్లాక్ లోపలో, గ్లోబల్ అవుట్‌పుట్ మెనూలోనో ఉంటుంది, ఓపిగ్గా వెతకాలి.

అది ఆన్‌లో ఉండగా రీపర్‌లో మళ్లీ ఐఆర్ వేశారంటే మీ గిటార్ ఒక స్పీకర్‌లోంచి వచ్చి, ఆ శబ్దమే ఇంకో స్పీకర్‌లోకి దూరి బయటికొస్తున్నట్టు లెక్క. గిటార్ స్పీకర్ మనం పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. వింటేజ్ 30కి సెలెషన్ వాళ్లు ఇచ్చిన లెక్కే 70 నుంచి 5000 హెర్ట్జ్. ఐదు వేలు దాటాక శబ్దం ఒక్కసారిగా పడిపోతుంది, డిస్టార్షన్‌లో పుట్టే ఆ జుయ్‌మనేదంతా అక్కడే వడకట్టుకుపోతుంది, క్యాబ్ కావాలనేది అందుకే. అదే వడపోత రెండుసార్లు జరిగితే పిక్ తీగకి తగిలే చప్పుడు కూడా దాంతోపాటు పోతుంది, ఒక స్పీకర్‌కి సహజంగా ఉండే ఎగుడుదిగుళ్లకి రెండో దానివి తోడవుతాయి. ఆ తర్వాత మీరు ట్రెబుల్ ఎంత పెంచినా పైకి వచ్చేది మిగిలిన పిప్పే. ముప్పై ఐఆర్‌లు మార్చినా ఒకేలా ఉందంటున్నారు కాబట్టి నాకు గట్టిగా ఇదే అనుమానం.

నామ్, అదే నిజం ఆంప్‌లని అనుకరించే న్యూరల్ ఆంప్ మోడలర్ ప్లగిన్ వాడేవాళ్లకీ ఇది చాలాసార్లు జరుగుతుంది. క్యాప్చర్, అంటే ఒక ఆంప్ శబ్దాన్ని నకలు తీసిన ఫైల్, దించుకునేటప్పుడు అది ఆంప్ ఒక్కటేనా, క్యాబ్, మైకు కలిపి తీసిన ఫుల్ రిగ్గా అని చదవాలి. ఫుల్ రిగ్ మీద ఐఆర్ వేయకూడదు.

ఇంకో మాట, ప్రాసెసర్ వైరు ఇంటర్‌ఫేస్‌లో లైన్‌కి ఇవ్వండి. ఇన్‌స్ట్ (ఇన్‌స్ట్రుమెంట్) బటన్ గిటార్ నేరుగా పెట్టినప్పుడు మాత్రమే, మామూలు పికప్పులకి ఒక మెగా ఓమ్ దాకా ఇన్‌పుట్ కావాలి. గిటార్‌ని నేరుగా లైన్‌లోకి పెడితే అక్కడే పై శబ్దం చచ్చిపోతుంది, తర్వాత ఏ ప్లగినూ దాన్ని తేలేదు.

బ్రాడీపేట_తీగలు:

అన్నా, దొరికింది! క్యాబ్ బ్లాక్ ఆన్‌లోనే ఉంది, స్క్రీన్ మీద మొదటి పేజీలో పట్టక రెండో పేజీలోకి వెళ్లింది, ఇన్నాళ్లూ నేను ఆ పేజీ తెరవనేలేదు. ఆఫ్ చేసి అదే ఐఆర్‌తో వాయించాను. సన్న తీగ మీంచి వేలు ఎత్తిన చప్పుడు కూడా వినపడింది. రాత్రి పదకొండున్నరకి ఒక్కణ్నే కూర్చుని అదే కార్డ్ పదిసార్లు వాయించాను.

కాకపోతే ఇప్పుడు కొంచెం పదును ఎక్కువైంది. ముప్పై ఐఆర్‌లలో ఏది పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

గవర్నర్‌పేట_పాత_ఆంప్:

తమ్ముడూ, ఐఆర్ అంటే ఏమిటో ఒకసారి మనసులో బొమ్మ కట్టుకుంటే ఏది ఎంచుకోవాలో నీకే తెలుస్తుంది. ఒక స్పీకర్, దాని ముందు ఒక మైకు, ఆ మైకు పెట్టిన చోటు. ఈ మూడింటి గుర్తు ఆ చిన్న వేవ్ ఫైల్‌లో ఉంటుంది.

మేము విజయవాడలో ఒక చిన్న గదిలో నిజం క్యాబినెట్‌కే మైకు పెట్టి రికార్డు చేసేవాళ్లం. మే నెలలో ఫ్యాన్ కూడా ఆపేసి, చెమటలు కారుతుంటే, ఒకడు టార్చిలైటు పట్టుకుని క్యాబినెట్ ముందు గుడ్డకి ఆనించి వేస్తే లోపల స్పీకర్ మధ్యలో గుండ్రటి డస్ట్ క్యాప్ నీడలా కనపడేది, దాన్ని చూసుకుని ఎస్ఎం57ని గుడ్డకి వేలెడు దూరంలో నిలబెట్టేవాళ్లం. సరిగ్గా క్యాప్ మధ్యలో పెడితే శబ్దం కత్తిలా ఉంటుంది. క్యాప్ అంచుకి జరిపితే కండ పడుతుంది. కోన్, అంటే క్యాప్ చుట్టూ ఉండే గరాటు, దాని మీదికి ఇంకా జరిపితే మెత్తబడి మసకేస్తుంది. రెండు వేళ్ల మేర జరిపితే వచ్చే తేడా ఆంప్ మీద ట్రెబుల్ నాబ్ తిప్పితే వచ్చేదాని కంటే ఎక్కువ. మైకుని దగ్గరికి తెస్తే బేస్ పెరుగుతుంది, అది ఆ రకం మైకుల గుణం.

కాబట్టి ఫైల్ పేరు చదువు. 57 అని ఉంటే ఎస్ఎం57, 1965 నుంచి ఉన్న మైకు, ఐదారు వేల హెర్ట్జ్ దగ్గర కొంచెం ముందుకు పొడుచుకొస్తుంది. 121 అంటే రాయర్ రిబ్బన్ మైకు, పైన మెత్తగా ఉంటుంది. క్యాప్ అంటే పదును, క్యాప్ ఎడ్జ్ అంటే మధ్యరకం, కోన్ అంటే మెత్తన. నీకు పదును ఎక్కువైంది కాబట్టి 57 క్యాప్ ఎడ్జ్‌తో మొదలుపెట్టి ఒక్క మెట్టు అటూ ఇటూ చూడు, చాలు. వాల్యూమ్ సమానం చేసి మరీ పోల్చు, లేకపోతే గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది, నేను ఎన్నోసార్లు అలా మోసపోయాను.

రెండు ఐఆర్‌లు కలపాలని ఇప్పుడే తొందరపడకు. రెండింటి మధ్య ఒక్క మిల్లీసెకను తేడా ఉందనుకో, అంటే మైకు 34 సెంటీమీటర్లు వెనక్కి ఉన్నట్టు, 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర శబ్దం ఒకదాన్నొకటి తినేస్తుంది. గిటార్ ప్రాణం ఉండేదే అక్కడ.

గెయిన్, అంటే డిస్టార్షన్ మోతాదు, అది కూడా తగ్గించు. గదిలో వాయించేటప్పుడు చాలదనిపించేంత గెయినే రికార్డింగ్‌లో సరిపోతుంది. డిస్టార్షన్ పెరిగేకొద్దీ తీగలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసి ముద్దవుతాయి. లావుగా కావాలంటే అదే పార్ట్ రెండోసారి నిజంగా వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెట్టు. ఒకే టేకుని కాపీ చేసి రెండు పక్కలా పెడితే శబ్దం పెరుగుతుందే కానీ వెడల్పు రాదు.

పటమట_రికార్డింగ్:

అన్నగారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఐఆర్ తర్వాత ఒక లో పాస్ ఫిల్టర్ (పై శబ్దాన్ని కోసేది) 7 వేల హెర్ట్జ్ దగ్గర పెట్టి చూడండి, మిగిలిన పదును చాలావరకు తగ్గుతుంది.

గవర్నర్‌పేట_పాత_ఆంప్:

పెట్టుకోవచ్చు, కాదనను. కానీ ముందు ఐఆర్ మార్చి, తర్వాతే ఫిల్టర్ ముట్టుకోమంటాను. సరిపోని చొక్కా కొని దర్జీ దగ్గర కత్తిరించుకోవడం ఎందుకు?

కృష్ణలంక_బేస్:

నేను బేస్ గిటార్ వాయిస్తాను, అటువైపు నుంచి ఒక మాట. పాటలో గిటార్ మునిగిపోతోందంటే తప్పు ఎప్పుడూ గిటార్‌దే కాదు. మన చర్చి బ్యాండ్లలో కీబోర్డ్ వాయించేవాళ్లకి ఎడమ చేత్తో బేస్ నోట్లు నొక్కే అలవాటు ఉంటుంది, బేస్ గిటార్ ఉన్నా నొక్కుతారు, పైన స్ట్రింగ్స్ ప్యాడ్ కూడా పరుస్తారు. అక్కడ మీ గిటార్‌కి చోటెక్కడిది? పల్లవిలో ఎడమ చెయ్యి తగ్గించమని ఆయన్ని మర్యాదగా అడగండి, నాకు ఏ ప్లగిన్ వల్లా రానంత తేడా దానివల్ల వచ్చింది.

మీ వైపు నుంచి 90, 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (కింది శబ్దాన్ని కోసేది) పెట్టండి. గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్, దాని కింద ఉన్నదంతా గురగురే, అది బేస్‌కీ తబలా డగ్గాకీ అడ్డం వస్తుంది. విడిగా వింటే గిటార్ పలచబడినట్టు ఉంటుంది, భయపడకండి, పాటలో కలిపి విన్నాకే నిర్ణయం తీసుకోండి.

బ్రాడీపేట_తీగలు:

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. 57 క్యాప్ ఎడ్జ్ దగ్గర ఆగాను, గెయిన్ సగానికి తగ్గించాను, రెండు టేకులు విడివిడిగా వాయించాను. రెండో టేకు మొదటిదానితో కలవడానికి ఒక సాయంత్రమంతా పట్టింది, చెయ్యి ఎక్కడ తొందరపడుతోందో అప్పుడే తెలిసింది. కీబోర్డ్ అన్న కూడా ఏమీ అనుకోకుండా ఎడమ చెయ్యి తీసేశారు. ఫోన్ స్పీకర్‌లో విన్నా గిటార్ విడిగా తెలుస్తోంది. పేరుపేరునా థాంక్స్.

ఆఖరి సందేహం, మిక్స్ కోసం విజయవాడలో ఒకరికి పంపుతున్నాం. ఈ టోన్ ఉన్న ట్రాక్ ఒక్కటే పంపితే చాలా?

పటమట_రికార్డింగ్:

చాలదు. మీ ప్రాసెసర్ యూఎస్‌బీలో ఎఫెక్టులు లేని గిటార్ సిగ్నల్ విడిగా ఇస్తుందేమో చూడండి. ఇస్తే మిగతా పార్టులు తీసేటప్పుడు దాన్ని కూడా పక్కన ఇంకో ట్రాక్‌లో రికార్డు చేయండి, పీకులు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. రెండూ పంపండి. మీ టోన్ పాటలో కుదరకపోతే ఆయన ఆ ఉత్త ట్రాక్ మీద వేరే ఆంప్, వేరే ఐఆర్ వేసుకుంటారు, మీరు మళ్లీ వాయించక్కర్లేదు. ఫైల్ పేరులోనే క్యాబ్ ఉన్నది, క్యాబ్ లేనిది అని రాయండి, లేకపోతే ఆయన కూడా మీ టోన్ మీద ఇంకో ఐఆర్ వేస్తారు.