హెల్త్ కెరీర్స్ చార్టర్ హైస్కూల్‌లో చేర్చే ముందు ఏం చూసుకోవాలి? (కాలిఫోర్నియా)

కోనసీమ_కొబ్బరి:
శాన్ డియేగోలో ఉంటున్నాం. పాప ఎనిమిది చదువుతోంది, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది. తొమ్మిదికి ఇక్కడి హెల్త్ సైన్సెస్ హై అండ్ మిడిల్ కాలేజ్ లాంటి చార్టర్ బడి చూస్తున్నాం. ఎంట్రన్స్, ఫీజు ఉంటాయా? రేపు మెడిసిన్‌కి వెళ్తానంటే పనికొస్తుందా?

మంజీర_ఒడ్డు:
ఫీజూ లేదు, ఎంట్రన్సూ లేదండి. చార్టర్ కూడా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడే. సీట్లకు మించి దరఖాస్తులొస్తే లాటరీ తీస్తారు. గడువు తప్పకండి, చాలు.

అసలు చూడాల్సింది యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వాళ్ల ఏ–జీ జాబితా, అంటే అక్కడ చేరడానికి లెక్కకొచ్చే హైస్కూల్ కోర్సులు, ఏ నుంచి జీ దాకా విభాగాలుగా. ఏడాది నిడివి కోర్సులు 15 కావాలి, పన్నెండులో అడుగుపెట్టేలోపు 11 అయిపోవాలి, ఒక్కోదాంట్లో కనీసం సీ గ్రేడు రావాలి. ఆ జాబితాలో బడి పేరు కొట్టి చూడండి. హెల్త్ కోర్సుల్లో కొన్ని జీ విభాగం కింద, అంటే ఎలెక్టివ్‌గానే పడతాయి. సైన్స్ లెక్కకొచ్చేది డీ విభాగంలో ఉన్నవే: రెండేళ్లు తప్పనిసరి, మూడేళ్లయితే మేలు. తెల్లకోటు ఫొటోలు చూసి మురిసిపోయి, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ఉన్నాయో లేదో చూడకుండా చేర్చేయకండి.

వార్డు_గంట:
సీఎన్ఏ (నర్సింగ్ అసిస్టెంట్) సర్టిఫికెట్ ఇప్పిస్తామంటే శిక్షణ ఎన్ని గంటలో అడగండి. దేశం మొత్తానికి కనీసం 75. కాలిఫోర్నియాలో క్లాసు 60, క్లినికల్ (రోగుల దగ్గర చేసే శిక్షణ) 100. వయసు 16 నిండాలి. ఆ 100 గంటలు ఏ నర్సింగ్ హోమ్‌లో, వారంలో ఏ రోజుల్లో? దీనికి సూటిగా జవాబు రాకపోతే అనుమానించాల్సిందే. టీబీ పరీక్ష, వేలిముద్రల కాగితాలు ముందే సిద్ధం చేసుకోవాలి. ఒక్కటి ఆగినా పిల్ల వార్డు బయటే ఉంటుంది, పోయిన గంటలు మళ్లీ పూడ్చాలి.

సీఎన్ఏ స్కిల్స్ పరీక్షలో తేలిగ్గా కనిపించేవే ముంచుతాయి. చేతులు కడిగేటప్పుడు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి, వేళ్లు మోచేతికన్నా కిందికి ఉండాలి, సింకుకి చెయ్యి తగిలిందా మళ్లీ మొదటికే. వీల్‌చైర్ బ్రేకులు వేయకుండా రోగిని లేపితే ఫెయిలే. నాడి నిమిషం నిండా లెక్కపెట్టాలి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క దెబ్బ తప్పినా నాలుగు తేడా వస్తుంది.

గ్రేడు_చెరగదు:
మెడిసిన్ ఆలోచనుంటే ఇది బాగా గుర్తుపెట్టుకోండి. హైస్కూల్లో ఉండగా తీసుకున్న కమ్యూనిటీ కాలేజీ క్లాసుల గ్రేడ్లు కూడా మెడికల్ స్కూల్ దరఖాస్తులో, అంటే ఏఎమ్‌క్యాస్‌లో, జీపీఏకి (గ్రేడ్ల సగటుకి) కలుస్తాయి. పదిహేనేళ్లకు అనాటమీలో సీ వస్తే, మళ్లీ చదివి ఏ తెచ్చుకున్నా రెండూ లెక్కలోకొస్తాయి. కష్టమనిపిస్తే రికార్డులో ‘డబ్ల్యూ’ (మధ్యలో మానేసినట్టు గుర్తు) పడే తేదీకి ముందే మానేయించండి.

హెచ్4 సంగతి: చదువులో భాగంగా జీతం లేకుండా చేసే క్లినికల్‌ వేరు, జీతమిచ్చే ఇంటర్న్‌షిప్ వేరు. బడి ఇచ్చే మైనర్ వర్క్ పర్మిట్ ఉన్నంత మాత్రాన జీతం తీసుకోకూడదు. దానికి ఇమిగ్రేషన్ అనుమతి ఉండాలి.

కోనసీమ_కొబ్బరి:
అయితే కాలేజీ అనాటమీ ఎప్పుడు తీసుకోమంటారు?

గ్రేడు_చెరగదు:
హైస్కూల్ బయాలజీ, కెమిస్ట్రీ రెండూ అయ్యాకే. ముందు మెడికల్ టెర్మినాలజీ లాంటి చిన్న క్లాసు ఒకటి చదివించి, ఏ వచ్చాక అప్పుడు ఎక్కించండి.