టీకా పరిశోధనల పటంలో ఒకే రచయిత మూడు చుక్కలు: అనుభవాలు చెప్పండి

పర్లాకిమిడి పరిశోధకురాలు
నమస్కారం. మహమ్మారి టీకాలపై ప్రపంచవ్యాప్తంగా వెలువడిన వ్యాసాల పటాన్ని, అంటే ఏ రచయితలు, ఏ మాటలు కలిసి వస్తున్నాయో చుక్కలు, గీతలుగా చూపే బొమ్మను, వాస్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేరులో గీస్తున్నాను. 2009 నాటి హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ)తో మొదలుపెట్టాలా, 2020 నుంచి తీసుకుంటే సరిపోతుందా అన్నది తేలడం లేదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, పబ్‌మెడ్ అనే వ్యాసాల సమాచార నిధులలో దేనిని ఆధారం చేసుకోవాలో, ఒకే రచయిత రెండు మూడు చుక్కలుగా చీలితే ఎలా కలపాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

బరంపురం గ్రంథపాలకుడు
ముందు కీలకపదాల సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఫిబ్రవరి 11న ‘కోవిడ్-19’ అని పేరు పెట్టేవరకు వచ్చిన వ్యాసాలలో ‘2019-ఎన్‌కోవ్’ అనే ఉంటుంది. వాటిని కలపకపోతే ఒకే విషయం రెండు చోట్ల తేలుతుంది. ఒకే అర్థమున్న మాటలను కలపడానికి వాస్‌వ్యూయర్‌కు ఇచ్చే థెసారస్ ఫైలులో ఎడమవైపు ఉన్న మాట, కుడివైపు ఉండవలసిన మాట రాసి మధ్యలో ట్యాబ్ నొక్కాలి. నేను ట్యాబ్‌కు బదులు స్పేస్ కొట్టి, పటం ఎందుకు మారడం లేదో తెలియక రెండు రోజులు పోగొట్టుకున్నాను.

రాయగడ అధ్యాపకుడు
రచయితల చీలిక నా సొంత బాధ. ఒడిశా బోర్డు సర్టిఫికెట్టులో నా ఇంటిపేరు చివర ఉంది. విశాఖపట్నంలో చదివిన పీజీ సర్టిఫికెట్టులో అదే పొడి అక్షరమై ముందుకు వచ్చింది. ఒక పత్రికవారు నా పేరునే ఇంటిపేరు అనుకుని అచ్చువేశారు. ఆ విధంగా నా వ్యాసాలు ముగ్గురు మనుషులవయ్యాయి. నాతో రాసిన ఒడియా మిత్రునికి ఇంటిపేరు ఎప్పుడూ చివరనే ఉంటుంది కనుక ఆయన ఒకే చుక్కగా, నాకంటే పెద్దగా కనిపిస్తాడు. ఇది పరిశోధనలోని తేడా కాదు, పేరు రాసే పద్ధతిలోని తేడా.

జయపురం విద్యార్థి
పరిశోధకులను గుర్తించే ఓర్కిడ్ సంఖ్య 2012 నుంచి ఉన్నది. ఆ పదహారు అంకెల సంఖ్య తీసుకుని ప్రతి వ్యాసంలో ఇస్తే ఈ ఇబ్బంది రాదు. రచయితలు శ్రద్ధ చూపకుండా సాఫ్ట్‌వేరును తప్పుపట్టడం న్యాయం కాదండి.

రాయగడ అధ్యాపకుడు
శ్రద్ధ గురించి నాకు చెప్పనవసరం లేదు. 2009, 2010 వ్యాసాలకు ఓర్కిడ్ ఎక్కడినుంచి వస్తుంది? హెచ్1ఎన్1 కాలాన్ని కలుపుకోవాలా అని ఆమె అడిగారు, మీరు ప్రశ్న చదవకుండానే తీర్పు చెప్పారు.

గుణుపురం ఆరోగ్య కార్యకర్త
పేర్ల తగవు మధ్య ఒక మాట. వెతికే పదాలలో శీతల గొలుసును (టీకాను చల్లగా ఉంచుతూ చేరవేసే ఏర్పాటును), వృథా అయిన డోసులను కూడా చేర్చండి. ఫైజర్ టీకాను మొదట మైనస్ 70 డిగ్రీల దగ్గర నిల్వ ఉంచవలసి వచ్చింది. మాకు అందిన కోవిషీల్డ్‌కు 2 నుంచి 8 డిగ్రీలు చాలు. అందువల్లనే ఐస్‌ప్యాకులు పెట్టిన క్యారియర్‌ను భుజాన వేసుకుని కొండల మీది సవర గిరిజనుల ఊళ్లకు ఎక్కగలిగాము. పది డోసుల సీసా తెరిస్తే నాలుగు గంటలలో వాడాలి, ఆరుగురే వస్తే మిగిలినది పారబోయాలి. టీకా వద్దన్నవారి మీద రాసినంతగా ఈ సీసా మీద ఎవరైనా రాశారో లేదో మీ పటంలో చూడాలని ఉంది.

కొరాపుట్ గణాంకవేత్త
పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను, మీరెవరూ అసలు చోటుకు రాలేదు. టీకా ప్రయోగాల వ్యాసాలకు రచయితలు వందమంది ఉండవచ్చు. ప్రతి జతనూ ఒకటిగా లెక్కించే పూర్తి లెక్కలో అటువంటి ఒక్క వ్యాసం 4,950 జతల సంబంధాలను పుట్టించి, నలుగురు కలిసి రాసిన మంచి వ్యాసాన్ని కనబడకుండా చేస్తుంది. వాస్‌వ్యూయర్‌లో ఒక వ్యాసం బరువును దాని రచయితలందరికీ పంచే పాక్షిక లెక్కను ఎంచుకోండి. అది చేయని పటాన్ని నేను చూడను కూడా చూడను.

జయపురం విద్యార్థి
అనుభవం ఉన్నంత మాత్రాన అందరినీ తీసిపారేయడం తగదు. అయితే 2009 విషయంలో నాదే పొరపాటు. రాయగడ మాస్టారూ, మన్నించండి.

పర్లాకిమిడి పరిశోధకురాలు
అందరికీ కృతజ్ఞతలు. ఏ సంవత్సరం నుంచి అన్నదానికి జవాబు నాకు సహ ఉల్లేఖనల పటంలో (ఏ పాత వ్యాసాలను కలిపి ఉదహరిస్తున్నారో చూపేదానిలో) దొరికింది. శాస్త్రవేత్తలు కారికో, వైస్‌మన్ 2005లో ‘ఇమ్యూనిటీ’ పత్రికలో రాసిన వ్యాసం శీర్షికలో టీకా అన్న మాటగానీ మహమ్మారి అన్న మాటగానీ లేదు, కనుక నా వెతుకులాటలో అది రానేలేదు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల (ఫైజర్‌ది ఈ రకమే) వ్యాసాల ఉల్లేఖనలను కలిపి చూస్తే మాత్రం అదే నడుమ నిలబడింది. 2023 నోబెల్ ఆ పరిశోధనకే వచ్చింది. అందుచేత వ్యాసాలను 2009 నుంచి తీసుకుని, ఉల్లేఖనలకు సంవత్సరపు హద్దు పెట్టడం లేదు. పేర్ల విషయంలో రాయగడ మాస్టారి అనుభవం విన్నాక వ్యాసాలు తెరిచి, చిరునామా, సహరచయితలు చూసి ఒక్కొక్కటిగా కలుపుతున్నాను. గుణుపురం మేడమ్ చెప్పిన పదాలు చేర్చాను, ఈ రాత్రికి మళ్లీ నడుపుతాను.