అమ్మ బొమ్మకు 12 వేలు ఇస్తామంటున్నారు. ఇంట్లోవాళ్ల బొమ్మలు అమ్మొచ్చా?

పచ్చాకు (ఒంగోలు):
అందరికీ నమస్కారం. పది రోజులుగా మా ఇంట్లో ఈ గొడవ నలుగుతోంది. బయటివాళ్లు ఏమంటారో తెలుసుకుందామని ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు బొమ్మలు వేస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొత్తపట్నం తీరం, కంభం చెరువు కట్ట, మా ఊరి తాటిచెట్లు వేసి ఆరేడు అమ్మాను కూడా, ఒక్కోటి 1500, 2000కి. రంగులూ కాన్వాసూ పోను మిగిలింది తక్కువే. అయినా మొహం తెలియని వాళ్లింట్లో నా చెరువు ఉందంటే ఆ సంతోషం వేరు. వాటి గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన నెల అమ్మ బొమ్మ పూర్తిచేశాను. 24 బై 36 అంగుళాల కాన్వాసు, యాక్రిలిక్. మాది కొండపి వైపు పల్లె. నా చిన్నతనంలో నాయన కౌలు చేనులో పొగాకు వేసేవాడు. అమ్మ బ్యారన్ (పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టం, ఆ ఆరబెట్టడాన్నే కాల్చడం అంటాం) ముందు కూచుని కర్రలకు ఆకు అల్లుతుంటే పురికొస అందించడం నా పని. ఆకు జిగురుకి చేతులు నల్లబడిపోతాయి, సబ్బుకి వదలదు. ఆ చేత్తో ముద్ద కలిపి పెడితే చేదుగా ఉండేది. బొమ్మలో ముందు కనబడేవి ఆ చేతులే. ముఖం సగం నీడలో ఉంటుంది. వెనక బ్యారన్ తలుపు తీసి కాల్చిన ఆకు దించుతుంటారు.

సంక్రాంతికి మా అపార్ట్‌మెంటులో చిన్న ప్రదర్శన పెట్టారు. అక్కడ చూసి ఒక పెద్దాయన 12 వేలు ఇస్తానన్నాడు. అన్నకు చెప్పాను. "అమ్మను అమ్ముకుంటావా? మనం పడ్డ కష్టం వాళ్ల హాల్లో అలంకారమా?" అని ఫోన్ పెట్టేశాడు. మా ఆయనేమో వేసింది నువ్వు, నీ ఇష్టం అంటున్నాడు. చెరువును అమ్మినప్పుడు లేని బాధ ఇప్పుడెందుకో నాకూ పూర్తిగా అర్థం కావడం లేదు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
అమ్మేయ్ చెల్లీ. నేనూ హాబీగానే మొదలుపెట్టినోణ్ణి. ఇరవై ఏళ్లుగా పక్షుల్ని వేస్తుండా. నేలపట్టులో నీళ్లలో నిలబడుండే కడప అనే రకం చెట్ల మీద గూడబాతుల గూళ్లు, పులికాట్‌లో ఫ్లెమింగోలు. 2022లో జిల్లాలు మార్చినాక అవి తిరుపతి కిందికి పోయినాయి గానీ మాకు అది నెల్లూరే.

మొదట్లో నాకూ ఇయ్యబుద్ధి అయ్యేది కాదు. అన్నీ ఇంట్లోనే పెట్టుకున్నా. తీరప్రాంతం గదా, గోడలకి చెమ్మ. రెండు వానాకాలాలకి కాన్వాసుల వెనక బూజు పట్టి నాలుగు పాడైపోయినాయి. ఇచ్చినవి మాత్రం ఈరోజుకీ బాగుండాయి, ఎందుకంటే డబ్బు పెట్టి కొన్నోళ్లు ఫ్రేమ్ కట్టించి జాగ్రత్తగా చూసుకుంటారు. మీ అమ్మ బొమ్మ మంచం కింద ఉండటం మేలా, ఒకరు రోజూ చూసే చోట ఉండటం మేలా?

పలకా బలపం (మార్కాపురం):
పక్షికీ కన్నతల్లికీ పోలిక ఏంటన్నా?

పచ్చాకు గారూ, మీ అన్న మాటలో న్యాయం ఉంది. మా నాయన ఇక్కడ పలకల ఫ్యాక్టరీలో పనిచేశాడు. రాయి కోసేచోట దుమ్ము ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు, కనురెప్పల మీద కూడా బూడిదరంగు పేరుకుంటుంది. ఎవరో వచ్చి ఆయన ఫోటో తీసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత వేరే ఊళ్లో ఒక గోడపత్రిక మీద ఆ ముఖం చూశాం. పేరు లేదు, ఊరు లేదు. చూసినవాళ్లకి ఆయన ఒక "పేద కార్మికుడు". మాకు మాత్రం పండక్కి మా ఐదుగురికీ బట్టలు తెచ్చి తను పాత చొక్కాతో తిరిగిన మనిషి. ఆ కాగితం ముందు నిలబడినప్పుడు నాకు ఎలా ఉందో మా అన్నదమ్ములకి కూడా చెప్పలేకపోయాను.

చెరువును అమ్మండి, తాటిచెట్టును అమ్మండి. బొమ్మలో మనిషి ఉన్నప్పుడు, ఆ మనిషిని మీ అంతగా ప్రేమించేవాళ్లు ఇంకొందరు ఉంటారు. వాళ్ల వాటా సంగతేంటి?

ఇంకొకటి. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లైనా నిండకుండానే పోయారు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో బొమ్మలు ఒకచోట నిలిచాయి కాబట్టి మనలాంటివాళ్లం పోయి చూడగలుగుతున్నాం. ఒక్కోటీ ఒక్కో ఇంట్లోకి పోయి ఉంటే మన కంటపడేవా?

బ్రష్షు పట్టిన చెయ్యి (కావలి):
అమ్మా, నేను బోర్డు ఆర్టిస్టుని. నలభై ఏళ్లు ఇదే బతుకు. సినిమా బ్యానర్లు, కొట్ల బోర్డులు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, లారీల వెనక తామరపూలు. ఫ్లెక్సీ వచ్చాక మా ఎనామెల్ డబ్బాలు మూలకు చేరాయి. నాతో పని నేర్చుకున్నవాళ్లలో ఇప్పటికీ బ్రష్షు పట్టుకుంటున్నది ఇద్దరే.

నన్ను బాధపెట్టింది 12 వేలు కాదమ్మా, ఆ 1500. కాన్వాసు, రంగులు, నాలుగు ఆదివారాలు కలిపి 1500 అంటే నీ పనికి నువ్వు కూలి కట్టుకోలేదన్నమాట. నీకు జీతం ఉంది, ఫరవాలేదు. నా దగ్గరికి వచ్చినాయన మాత్రం "ఒంగోలులో ఒకమ్మాయి రెండు వేలకే ఇస్తోంది, నువ్వు ఆరు వేలంటావేంది" అంటాడు. నిజంగానే అన్నారు, నువ్వని కాదు, నీలాంటి ఇంకెవరి గురించో. సరదాగా వేసేవాళ్లు అమ్మకూడదని నేను అనను. ధర మాత్రం పనికి తగ్గట్టు పెట్టండి. అది మీకూ మర్యాద, మాకూ అన్నం.

ఇక అసలు సంగతి. ఫ్లెక్సీ తర్వాత నన్ను బతికించింది పోయినవాళ్ల బొమ్మలు. పాస్‌పోర్టు ఫోటో తెస్తారు, ఒక్కోసారి రేషన్ కార్డు మీది మసక ఫోటో ఒక్కటే ఉంటుంది. దాన్ని పెద్దది చేసి రంగుల్లో వెయ్యాలి. ప్రతి ఇంట్లోనూ అడిగేది ఒకటే: "పట్టుచీర కట్టినట్టు వెయ్యండి. మెడలో హారం పెట్టండి. తెల్లగా వెయ్యండి." జీవితంలో ఒక్కసారి కూడా పట్టుచీర కట్టని తల్లికి నేను ఎన్ని కంచి అంచులు వేశానో లెక్కలేదు. తప్పని అనను. బతికుండగా పెట్టలేకపోయామని ఆ బిడ్డల ఏడుపు అది. కానీ ఒక్కరంటే ఒక్కరు కూడా "మా అమ్మ నాట్లు వేస్తున్నట్టు వెయ్యండి" అని అడగలేదు.

నువ్వు అడగకుండానే వేశావు. మీ అన్నకు నొప్పి ధర దగ్గర లేదమ్మా, ఆ నల్లటి చేతుల దగ్గర ఉంది. నువ్వు అమ్మకు పట్టుచీర కట్టించి ఉంటే ఆయన ఇంత మాట అనేవాడు కాదు. ఒకసారి ఆయనతో ఆ మాట మాట్లాడు.

దస్తావేజు (ఒంగోలు):
పలకా బలపం గారు చెప్పిన గోడపత్రిక విషయానికి మాత్రమే జవాబిస్తున్నాను, అది ఇక్కడ రాకుండా చూసుకోవచ్చు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం తనంతట తాను వేసిన బొమ్మకు మొదటి హక్కుదారు చిత్రకారుడే. కాన్వాసు అమ్మినంత మాత్రాన కాపీరైట్ కొన్నవాడికి పోదు. అది రాతపూర్వకంగా ఇస్తేనే పోతుంది. కాబట్టి ఆ పెద్దాయన బొమ్మను గోడకు పెట్టుకోవచ్చు గానీ క్యాలెండర్లు అచ్చువేయించలేరు. ఈ హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అమ్మేటప్పుడు ఈ మాట రసీదు మీద ఒక వాక్యంగా రాసి సంతకం తీసుకోండి.

బ్రష్షు పట్టిన చెయ్యి గారి సంగతి వేరు. ఎవరైనా డబ్బిచ్చి పోర్ట్రెయిట్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, 17వ సెక్షన్ కింద మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే.

పలకా బలపం (మార్కాపురం):
చట్టం చెప్పినందుకు థ్యాంక్స్ అండీ. మా నాయన విషయంలో మాకు ఇవేవీ తెలియదు. కానీ నా ప్రశ్న హక్కు ఎవరిదని కాదు.

కందుకూరు కోడలు:
ఇంతమంది ఇంత మాట్లాడారు. అన్న ఏమన్నాడో చెప్పావు, మీ ఆయన ఏమన్నాడో చెప్పావు. అమ్మ ఏమంది?

నేను పెళ్లయి వచ్చాక పన్నెండేళ్లు ఆకు అల్లాను. తెల్లారుజామున వెలుగు రాకముందే కూచునేవాళ్లం. ఆ ఘాటుకి మొదటి వారం కళ్లు తిరిగి వాంతులయ్యేవి, తర్వాత అలవాటైపోయింది. మా గుంపులో ఎవరి కర్ర ఎవరు అల్లారో ముడి చూసి చెప్పేవాళ్లం. అది పనితనం అమ్మాయ్. పేదరికం అని మీ అన్న అంటున్నాడు, కష్టం అని నువ్వంటున్నావు. అల్లినామెను అడిగితే మూడో మాట ఏదో చెబుతుందేమో. ఆమె బతికే ఉంది కదా?

పచ్చాకు (ఒంగోలు):
ఉందక్కా. ఊళ్లోనే ఉంది. అడగలేదు. అసలు బొమ్మే చూపించలేదు. చూసి నొచ్చుకుంటుందేమోనని భయం. మీరు అడిగేదాకా ఆ సంగతి ఇక్కడ రాయలేదని కూడా నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది.

పలకా బలపం (మార్కాపురం):
ఆమె చూడకముందే అపార్ట్‌మెంటులో అందరూ చూశారన్నమాట. క్షమించండి, ఇది నాకు మింగుడుపడటం లేదు.

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
తమ్ముడూ, నీ బాధ తెలుస్తుండాది. అయినా గట్టిగా అనబాక. ఒక బిడ్డ తల్లిని ప్రేమతో వేసింది. ప్రతి బొమ్మకూ ముందు అనుమతి పత్రం తీసుకోవాలంటే ఎవరూ మనుషుల్ని వెయ్యరు, పులికాట్‌లో వల లాగే మనిషిని నేను కూడా వెయ్యలేను. అప్పుడు మన బొమ్మల్లో కొండలూ కొంగలే మిగుల్తాయి.

కందుకూరు కోడలు:
వెయ్యడానికి అడగక్కర్లేదు అబ్బాయ్, అమ్మడానికి అడగాలి. వల లాగే మనిషిని మళ్లీ ఎక్కడ వెతుకుతావు, అది వేరు. అమ్మ ఇంటికి బస్సుంది.

పచ్చాకు (ఒంగోలు):
నిన్న ఆదివారం కాన్వాసును దుప్పట్లో చుట్టి ఆటో మాట్లాడుకుని ఊరికి తీసుకెళ్లాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అరుగు మీద గోడకు ఆనించి పెట్టాను. అమ్మ కళ్లద్దాలు తెచ్చుకుని చాలాసేపు చూసింది. నేను ముఖం గురించి ఏదైనా అంటుందని ఎదురుచూస్తున్నా. వెనక దించుతున్న ఆకు మీద వేలు పెట్టి "ఇది అమ్ముడుపోదే" అంది. ఏందమ్మా అంటే, "ఇందులో ఇంకా పచ్చ ఉండాది. మొదట వేడి తక్కువ పెట్టి ఆకు పసుపెక్కేదాకా ఆగాల. తొందరపడి వేడి పెంచితే పచ్చ అట్టాగే నిలిచిపోద్ది. మీ నాయన ఎప్పుడూ ఇట్టా కాల్చలా. ఈ ఆకు వేలానికి తీసుకుపోతే ఏం రేటొస్తది?" అంది. అంతటితో ఆగకుండా పక్కవాళ్ల బ్యారన్‌కి పోయి కాల్చిన ఆకు ఒకటి తెచ్చి బొమ్మ పక్కన పట్టుకుంది. నిజమే. నేను వేసినదాంట్లో నీడలన్నీ పచ్చగా ఉన్నాయి. నెలరోజులు దాని ముందు కూచుని నేను చూడలేదు.

చేతుల గురించి అడిగాను. "సరిగ్గానే ఏశావు. బొటనవేలు దగ్గర పురికొస కోసుకున్న గీత కూడా ఏసినావే" అంది. తన బొటనవేలు చూసుకుంది. ఇప్పుడు ఆ గీత కనిపించడం లేదు.

అప్పుడు 12 వేల సంగతి చెప్పాను. అన్న అన్నదీ చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొనేటాయన్ని ఒకసారి మనింటికి రమ్మను. నేను ఎవరింటికి పోతన్నానో నేను చూసుకోవద్దా?" అంది.

కందుకూరు కోడలు:
పిలువు. అన్నం పెట్టు ఆయనకి.

బ్రష్షు పట్టిన చెయ్యి (కావలి):
అమ్మా, పసుపు నీడలకి నలుపు కలిపావు కదూ? పసుపులో నలుపు పడితే పచ్చగా తిరుగుతుంది, మేమందరం మొదట చేసే తప్పే. వార్నిష్ కొట్టావా? కొట్టకపోతే బాధ లేదు. బర్న్ట్ సియెన్నాలో (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు) గ్లేజింగ్ మీడియం (కింది రంగు కనబడేలా రంగును పలచన చేసేది) కలిపి పలచగా, ఆరినాక ఒకటి, ఆరినాక ఒకటి, మూడు నాలుగు పొరలు ఆ నీడల మీద వెయ్యి. ఒకేసారి మందంగా వెయ్యకు, ఆకులో ఈనెలు మునిగిపోతాయి. ఎరుపు చాలకపోతే చివర్లో ఆరెంజ్ ఒక్క చుక్క. మీ అమ్మ తెచ్చిన ఆకు పారెయ్యకుండా పక్కనే పెట్టుకో.

పచ్చాకు (ఒంగోలు):
వార్నిష్ కొట్టలేదు బాబాయ్. నలుపే కలిపాను. ఆకు నా టేబుల్ మీదే ఉంది, గదంతా వాసన. పెద్దాయనకి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారం వస్తానన్నారు. ధర మార్చలేదు, తాటిచెట్ల బొమ్మలకి మాత్రం ఇకనుంచి 1500 అని చెప్పను.

పలకా బలపం (మార్కాపురం):
అక్కా, నేను గట్టిగా అన్నాను, ఏమనుకోకండి. మా నాయనను అలా ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. మీ అన్న ఏమన్నాడు?

పచ్చాకు (ఒంగోలు):
నాతో ఇంకా మాట్లాడటం లేదు తమ్ముడూ. ఆదివారం ఆయన వచ్చేసరికి నేనూ ఇంట్లో ఉంటానని అమ్మతో అన్నాడంట.