ముంచింగిపుట్టు వైపు ఒక పల్లెలో ఉంటున్నాను. బౌద్ధం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

కొండపోస్టు:

అందరికీ నమస్కారం. నాది బాపట్ల జిల్లా భట్టిప్రోలు. గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగం వచ్చి రెండేళ్లుగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ముంచింగిపుట్టు మండలంలో ఒక బ్రాంచి పోస్టాఫీసులో పనిచేస్తున్నాను. బస్సు దిగాక ఏడు కిలోమీటర్లు నడవాలి, లేదా ఎవరి బండైనా దొరకాలి. ఫోన్‌లో నెట్ సరిగా రావాలంటే ఊరి పైనున్న పనసచెట్టు దాకా ఎక్కాలి. ఇది కూడా అక్కడ కూర్చునే రాస్తున్నాను. జవాబులు ఆలస్యంగా చూస్తే ఏమీ అనుకోకండి.

నాకు ఈ ఆలోచన ఎందుకొచ్చిందో చెప్పాలి. పోయిన నెల పై ఊరి నుంచి ఒక ముసలావిడ ఖాతాలో డబ్బు తీసుకోవడానికి వచ్చింది. వేలిముద్ర పడలేదు. చేతులు కడుక్కోమన్నాను, కొంచెం నూనె రాయించాను, వేళ్లన్నీ పెట్టించి చూశాను. పొలం పనికి ఆ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. వెనక లైన్లో పదిమంది ఉన్నారు. ఆమెకు తెలుగు సరిగా రాదు, నాకు వాళ్ల ఒడియా రాదు. గట్టిగా అరిచేశాను. ఆమె ఏమీ అనలేదు. కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు మళ్లీ తీసి, తప్పు తనదే అన్నట్టు రెండు చేతులతో నా ముందు పెట్టింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ కోపం నాకు కొత్త కాదు, ఇంట్లో కూడా ఇంతే. దీన్ని ఇలాగే వదిలేస్తే నేనెలాంటి మనిషిని అవుతానో అని భయమేసింది.

చిన్నప్పుడు మా ఊరి స్తూపం దగ్గరే క్రికెట్ ఆడేవాళ్లం. మా తాత దాన్ని విక్రమార్క కోట దిబ్బ అనేవాడు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వితే ధాతువులు, అంటే అస్థికలు, ఉన్న భరిణెలు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. తెలుగు లిపి చరిత్రలో ఆ అక్షరాల గురించి పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఆ ధాతువులు ఎవరివో, ఆయన ఏం చెప్పాడో ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు. ఇంత దూరం వచ్చాక అడుగుతున్నాను.

ఇక్కడ విహారం లేదు, భిక్షువు లేడు. గురువు లేకుండా ధ్యానం మొదలుపెట్టొచ్చా? ముందు ఏ పుస్తకం చదవాలి? అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఇంట్లో దేవుళ్లను తీసేస్తావా అని ఒకటే టెన్షన్ పడుతోంది. ఇంకొకటి. ఇక్కడ పెద్దవాళ్లు ఆప్యాయంగా జీలుగు కల్లు పోస్తారు. వద్దంటే వాళ్లను చిన్నచూపు చూసినట్టు అవుతుందేమో. బౌద్ధుల ఐదు నియమాల్లో, అదే పంచశీలలో, మత్తు పానీయాలు మానాలని ఉందని విన్నాను.

పాళీ పంతులు:

బాబూ, విజయవాడలో తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాణ్ణి. పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీ సొంతంగా నేర్చుకున్నాను, ఇరవై ఏళ్లు దాటింది.

దూరం గురించి ముందు మాట్లాడుకుందాం. సుత్తనిపాతం అనే పాళీ గ్రంథం చివరి భాగంలో బావరి అనే ముసలి బ్రాహ్మణుడు ఉన్నాడు. గోదావరి ఒడ్డున, అస్సక దేశం దగ్గర ఆశ్రమం కట్టుకుని ఉండేవాడు. మన వైపు మనిషి. బుద్ధుడి గురించి వింటాడు కానీ వయసు మీదపడింది, వెళ్లలేడు. పదహారుమంది శిష్యులను పంపుతాడు. వాళ్లు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా మగధ దాకా నడిచి తలా ఒక ప్రశ్న అడుగుతారు. వాళ్లలో పింగియుడనే ఆయన కూడా ముసలివాడే. తిరిగొచ్చి బావరికి అంతా వినిపిస్తాడు. అప్పుడు బావరి, బుద్ధుణ్ణి వదిలి ఎలా ఉండగలుగుతున్నావు అని అడుగుతాడు. ఒంట్లో శక్తి లేక వెళ్లలేకపోతున్నాను గానీ, రాత్రీ పగలూ మనసుతో కళ్లతో చూసినట్టే చూస్తున్నాను అంటాడు పింగియుడు. నీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఈ ఇద్దరు ముసలివాళ్లే. గోదావరి ఒడ్డున బావరి దగ్గరకు ధమ్మం, అంటే బుద్ధుడి బోధ, వచ్చింది ఒక మనిషి నోటి మాటగా, చాలా ఆలస్యంగా.

పుస్తకమైతే ధమ్మపదం ఒక్కటి చాలు. 423 గాథలు, 26 వగ్గాలు, అంటే అధ్యాయాలు, చిన్న పుస్తకం. తెలుగు అనువాదాలు దొరుకుతాయి. మొదటి పేజీ నుంచి కాకుండా పదిహేడో వగ్గం, కోధవగ్గం తెరువు. 222వ గాథ నీ కోసమే ఉంది. అదుపు తప్పి పరిగెత్తే రథాన్ని ఆపినట్టు, ఉబికి వచ్చే కోపాన్ని ఎవడు ఆపగలడో వాణ్ణే సారథి అంటాను, తక్కినవాళ్లు పగ్గాలు పట్టుకున్నవాళ్లే, అంటాడు బుద్ధుడు. మూలం కూడా తెలుగు అక్షరాల్లో చదువుకో. 1954 నుంచి 1956 వరకు రంగూన్‌లో జరిగిన ఛట్ఠ సంగాయన, అంటే ఆరో బౌద్ధ మహాసభ, సరిచూసిన పాఠం తెలుగు లిపిలోనే నెట్‌లో ఉచితంగా ఉంది. సిగ్నల్ ఉన్నప్పుడు దించుకుంటే చాలు. కోధం, సారథిం, రథం. నీకు నిఘంటువు అక్కర్లేని మాటలు ఎన్నో వస్తాయి.

అమ్మగారి సంగతి. సిగాలుడనే కుర్రవాడు చనిపోయిన తండ్రి మాట ప్రకారం పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటే బుద్ధుడు చూస్తాడు. మొక్కడం మానెయ్ అనలేదు. తూర్పంటే తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్లు, పై దిక్కు శ్రమణులు, బ్రాహ్మణులు అని ఒక్కొక్కరికి ఏం చెయ్యాలో చెప్పాడు. కాబట్టి ఇంట్లో ఏ పటాన్నీ కదపకు. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మ మీద కోప్పడకుండా నాలుగు రోజులు ఉండి చూపించు, ఆవిడ టెన్షన్ తగ్గుతుంది.

శీలాల సంగతి. ప్రతిదాని చివరా "వేరమణీ సిక్ఖాపదం సమాదియామి" అని ఉంటుంది, అంటే దానికి దూరంగా ఉండే శిక్షణ తీసుకుంటున్నాను అని. సిక్ఖాపదం అంటే శిక్షణలో ఒక మెట్టు. ఎవరో పైనుంచి వేసిన ఆజ్ఞ కాదు, నేను నేర్చుకుంటాను అని నువ్వు తీసుకునే మాట. తప్పితే మళ్లీ తీసుకో.

వంశధార:

నేను సీతంపేట ఏజెన్సీలో నర్సుగా చేస్తున్నాను. కల్లు సంగతి నాకు బాగా తెలుసు. ఆకుదోనె అందుకుని కళ్లకద్దుకుని పక్కనున్న పెద్దాయనకు ఇచ్చేస్తాను, నాకు చోడి అంబలి పోయమని అడుగుతాను. అడిగి మరీ తాగాను కదా, ఎవరూ నొచ్చుకోలేదు. ఇప్పుడు నన్ను చూడగానే వాళ్లే అంబలి తెస్తారు.

ధ్యానానికి ఒక్కసారైనా పది రోజుల విపశ్యన శిబిరానికి వెళ్లండి. మీ ఊరికి వెళ్లే దారిలోనే, ఏలూరు దగ్గర విజయరాయిలో కేంద్రం ఉంది. ఫీజు లేదు. పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతోనే నడుస్తుంది. వెళ్లే రోజు, వచ్చే రోజు కలిపి పన్నెండు రోజులు సెలవు చూసుకోండి. ఫోన్ వాళ్లకు ఇచ్చేయాలి, మాట్లాడకూడదు, తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. మూడో రోజు నాకు మోకాళ్ల నొప్పికి ఏడుపొచ్చింది, ఇంటికి పోదామనుకున్నాను. ఉండిపోయాను, మంచిపనే చేశాను.

మా వైపు వస్తే సరిహద్దు దాటి ఒడిశా గజపతి జిల్లాలో చంద్రగిరి చూడండి. అక్కడ టిబెటన్లు స్థిరపడ్డారు, జిరంగ్‌లో పెద్ద మహావిహారం ఉంది, 2010లో దలైలామా ప్రారంభించారు. అక్కడి పద్ధతి పంతులుగారు చెప్పే థేరవాదానికి, అంటే పాళీ గ్రంథాల మీద నడిచే శాఖకు, వేరు. మొదట్లోనే రెండూ కలిపితే తికమక పడతారు.

నీలిజెండా:

అన్నా, గుంటూరు నుంచి రాస్తున్నాను. మా ఇంట్లో బౌద్ధం 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ తీసుకున్న దీక్ష నుంచి వచ్చింది. అందుకే ఒక మాట గట్టిగా అంటాను. పైవాళ్లు చెప్పినవన్నీ నీ మనసు కోసం. ఆ ముసలామె సంగతేంటి? నువ్వు ప్రశాంతంగా ఊపిరి చూసుకున్నా ఆమె వేలిముద్ర పడదు, ఆమె కష్టార్జితం ఆమెకు రాదు. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించొచ్చు. ఆ విషయం ఆమెకు ఆమె భాషలో చెప్పేవాళ్లు కావాలి. నేను అక్కడుంటే ముందు ఆ పని చేసేవాణ్ణి.

పాళీ పంతులు:

నీలిజెండా చెప్పింది నేను చెప్పాల్సింది. సిగాలుడి కథ చెబుతూ కూడా తట్టలేదు. బాబూ, ముందు ఆ పని చూడు.

కొండపోస్టు:

నెల దాటింది, క్షమించండి. వర్షాలకు చెట్టు దాకా ఎక్కలేకపోయాను.

ధమ్మపదం విశాఖ నుంచి తెప్పించుకున్నాను. సంచి విప్పింది నేనే, డెలివరీ సంతకం పెట్టిందీ నేనే. 222వ గాథ కాగితం మీద రాసి కౌంటర్ లోపలి వైపు అంటించాను. పొద్దున్నే ఆఫీసు తెరవక ముందు ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెడుతున్నాను. ఆరు దగ్గరో ఏడు దగ్గరో మనసు ఎటో పోతోంది. మళ్లీ ఒకటి. లైన్లో జనం పెరిగితే ఇప్పటికీ గొంతు లేస్తోంది, కాకపోతే లేస్తున్నట్టు నాకే తెలుస్తోంది. నిన్న రెండుసార్లు ఆగాను, ఒకసారి ఆగలేదు. విజయరాయి శిబిరానికి సెలవు అడిగాను, బదులు మనిషి దొరకాలి.

ముసలావిడ దగ్గరకు ఇక్కడి ఆశా కార్యకర్తను తోడు తీసుకుని వెళ్లాను. ముందు క్షమించమని చెప్పించాను. ఆమె నవ్వి చేట నిండా పనసగింజలు తెచ్చి పెట్టింది. తర్వాత బండి మీద ముంచింగిపుట్టు ఆధార్ కేంద్రానికి రెండుసార్లు తిరిగాం. అప్‌డేట్ అయ్యాక మొన్న సోమవారం ఆఫీసుకు వచ్చింది. కుడిచేతి వేళ్లు ఒక్కటీ పడలేదు. ఎడమ చెయ్యి బొటనవేలూ పడలేదు. ఉంగరపు వేలు పెట్టించి, నేను కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

"పడింది" అన్నాను.

"పడింది" అని ఆమె కూడా తెలుగులో అంది.